మోకాళ్లెరిగిన కొండ

కొండా, ఒంగోలు కొండా! ఏపాటి ఎత్తు నీది? నల్లమల నిన్ను చూస్తే గుట్ట అనుకుంటుంది. తూర్పు కనుమలు తమ బంతిలో నిన్ను కూర్చోబెట్టుకోవు. జలపాతం లేదు నీకు, గంధపు చెట్టు లేదు, మబ్బు వచ్చి తలవాల్చే భుజం లేదు. రాయి, రాయి పక్కన గడ్డి, గడ్డి కొసన సముద్రపు ఉప్పుగాలి. అంతే నీ ఆస్తి. అయినా నీ పేరు తలచుకుంటే నా తల వంగుతుంది. ప్రార్థన కొండ అంటారు నిన్ను. ఏ రాజూ శాసనం వేసి ఇచ్చిన పేరు కాదది. నీ రాళ్ల మీద ఆనిన మోకాళ్లు ఇచ్చిన పేరు.

ప్రార్థన పెదవి దాకా వచ్చి వెనక్కి మళ్లే దినాలుంటాయి విశ్వాసికి. పాట పల్లవి దగ్గరే తెగిపోతుంది. బైబిలు తెరిస్తే అక్షరాలు చీమల్లా పాకుతాయి, ఒక్కటీ కుట్టదు. సాక్ష్యం చెప్పమంటే నాలుక మీద తడి ఉండదు. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని వెళ్లి, అందరితో లేచి, అందరితో కూర్చుని, వెళ్లిన కుండ వెళ్లినట్టే ఖాళీగా ఇంటికి తిరిగొస్తాం. అట్లాంటి దినాల్లో నాకు పెద్ద కొండలు పనికిరావు. సీనాయి ఉరుము నేను తట్టుకోలేను. కర్మెలు మంట నా కళ్లు ఓర్వలేవు. ఆ కర్మెలు మీద అగ్ని దింపిన ఏలీయా మాత్రం ఏమయ్యాడు? కొన్నాళ్లకే అరణ్యంలో బదరీచెట్టు కింద కూలబడి, ఇక బతకలేనని, ప్రాణం తీసుకోమని దేవుణ్ణే అడిగాడు. దేవుడు గద్దించలేదు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ బుడ్డెడు నీళ్లూ తలాపున పెట్టించాడు. తిని పడుకున్నాడు ప్రవక్త. మళ్లీ తట్టి లేపి మళ్లీ తినమన్నాడు దూత. కుంగిపోయినవాడికి వాక్యం కంటే ముందు అన్నం పెట్టిన ఆ దేవుడి తల్లితనాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు నువ్వు గుర్తొస్తావు కొండా. నువ్వూ అంతే. ఉరమవు, మండవు. కూలబడినవాడికి చోటిస్తావు.

ధనుర్మాసం. 1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. నీ కింద ఊరు ముసుగుతన్ని పడుకుంది. వాకిళ్లలో ముగ్గుపిండి చేతులు అప్పుడప్పుడే మేలుకుంటున్నాయేమో, కుంపట్లలో నిప్పు బూడిద కప్పుకుని ఉందేమో. ఆ చీకట్లో ఐదుగురు నీ రాళ్లు పట్టుకుని పైకి వచ్చారు. లైమన్ జ్యూయెట్, ఆయన ఇల్లాలు. వాళ్లిద్దరూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లు. నరుసు, జూలియా, రూతు. వాళ్లు ముగ్గురూ మన మాట మాట్లాడేవాళ్లు, మన మట్టి తొక్కినవాళ్లు. పాడారు. కొండల మీదుగా శుభవార్త మోసుకొచ్చేవాడి పాదాలను యెషయా ప్రవక్త పొగిడిన అధ్యాయం చదువుకున్నారు. మోకరించారు. ఆ చలికి గడ్డకట్టిన నీ గుండె మీద ఐదు జతల మోకాళ్లు! ఎంత బరువో నీకే తెలుసు. ఐదు ప్రాణాల బరువా అది? వట్టి చేతుల బరువు. విత్తి విత్తి మొలక చూడని చేతుల బరువు. గోదావరి కన్నా, కృష్ణ కన్నా బరువైన కన్నీళ్లు ఐదు కళ్ల జంటల నుంచి నీ మీద పడ్డాయి. ఆ తడి నీలో ఇంకా ఆరలేదని నా నమ్మకం.

ఎందుకంత బరువంటే, అప్పటికి పద్దెనిమిదేళ్లు గడిచాయి. 1836లో మిషనరీ శామ్యూల్ డే విశాఖపట్నంలో దిగాడు, 1840లో నెల్లూరు చేరాడు. వాక్యం చెప్పారు, బడులు పెట్టారు, ఎండలో కాలారు, జ్వరాల్లో వణికారు. చూపించడానికి పిడికెడు గింజ కూడా లేదు. పంపిన పెద్దలు అమెరికాలోని ఆల్బనీలో 1853లో సభ చేసి, ఈ తెలుగు పని మూసేద్దామా అని తర్కించారు. గోడ మీద పటంలో తక్కిన చోట్ల మిషన్లు చుక్కల గుంపులై మెరుస్తుంటే నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. ఒంటరి చుక్క అన్నారు దాన్ని. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఆ రాత్రే దాని మీద పద్యం రాసి తెచ్చాడు, పద్యం విని సభ కళ్లు తుడుచుకుంది, చుక్క ఆరిపోకుండా నిలిచింది. ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు తిరిగేసరికి మళ్లీ అదే తర్కం. ఈసారి జ్యూయెట్ స్వదేశంలోనే ఉన్నాడు, ఆరోగ్యం చెడి. మీరు పంపకపోతే ఒంటరిగానైనా వెళతాను, తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే చస్తానన్నాడు. అయితే నిన్ను పూడ్చడానికైనా తోడు ఒకణ్ణి పంపాలి గదా అన్నారు పెద్దలు. అలా వచ్చాడు జాన్ క్లౌ, 1865లో. ఆహా, ప్రభువు లెక్క ఎవరికి అందుతుంది! పాడె మోయడానికని పంపినవాడు పొత్తిళ్లు మోశాడు.

కానీ కొండా, నేను పాడదలచింది ఆ పొత్తిళ్ల మాట కాదు. నడిమి ఏళ్ల మాట. ఐదుగురు దిగిపోయాక నీ మీద పరుచుకున్న మౌనం మాట. 1854 వెళ్లింది, 1855 వెళ్లింది, పన్నెండు ధనుర్మాసాలు నీ మీద మంచు దులిపి వెళ్లాయి. ఆకాశం తెరుచుకోలేదు. అగ్ని పడలేదు. గంట మోగలేదు, గుంపు కదలలేదు. నీ మీద ఎండ పొర్లింది, నీ మీద వాన జారింది, మేక నీ మీద గడ్డి మేసింది, మేకల కాపరి నీ మీద కునికాడు. ఐదుగురి ప్రార్థన ఎక్కడ దాచావు తల్లీ అన్నాళ్లు? ఏ రాతి సందున, ఏ వేరు కింద, ఏ పురుగు గూటిలో? జవాబు రాని ప్రార్థనకు కాపలా కాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. జవాబు వచ్చాక కృతజ్ఞత కూటం పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. జవాబు లేని పన్నెండేళ్లు పడుకునే ముందు దీపం కింద అదే పేరు, అదే మనవి, అదే ఆమేన్! దాన్ని విశ్వాసం అంటాను నేను. మెట్టపొలం రైతు ఆకాశం కేసి చూసే చూపది. కాన్పు కాని ఆడకూతురు ఉయ్యాల తాడు విప్పకుండా ఉంచుకునే ఓపిక అది. రాత్రంతా వలవేసి నీచు వాసన తప్ప మరేమీ దక్కని సీమోను, పొద్దున్నే ఎవరో చెప్పాడని మళ్లీ వలవేసిన ఆ విసుగు నిండిన విధేయత అది.

తాతా, ఎర్రగుంట్ల పేరయ్య తాతా, ఇప్పుడు నిన్ను పిలవనివ్వు. నువ్వు కొండెక్కినవాడివి కావు, కొండ కన్న కలవి. తోలు పని నీది. తంగేడు చెక్క ఊరిన నీళ్ల వాసన నీ ఒంటిది, ఆరె పోట్ల గుర్తులు నీ వేళ్లవి. మాదిగ పల్లె నీ చిరునామా. నీ చేతి చెప్పు తొడగని కాలు ఊళ్లో లేదు, నీ చేయి తగిలితే కడుక్కోని కాలూ ఊళ్లో లేదు. గురువుల దగ్గర యోగం నేర్చి, కళ్లు మూసుకుని, లోపలి దేవుణ్ణి ఎంతకాలం వెతికావో! వెతికి వెతికి ఈ నజరేయుడి మాట చెవిన పడగానే, అదిగో ఈయనే అన్నావట. 1866లో నువ్వూ నీ ఇల్లాలు మా నాగమ్మ అవ్వా బాప్తిస్మం పొందారు. తర్వాత కర్ర పట్టుకుని పల్లె పల్లెకీ నడిచావు.

తాతా, నీకొక సంగతి చెప్పాలి. అరణ్యంలో కేకవేసిన యోహాను, రాబోయేవాడి ఘనత ఎంతో చెప్పాల్సివచ్చినప్పుడు సింహాసనం మాట ఎత్తలేదు, కిరీటం మాట ఎత్తలేదు. చెప్పుల వారు దగ్గర ఆగాడు. వంగి ఆ వారు విప్పే పాటి యోగ్యత తనకు లేదన్నాడు. లోకంలో ఎవరూ తలెత్తి చూడని ఆ తోలు వారు! ఆ వారు కోసేవాడివి నువ్వు, నానబెట్టేవాడివి నువ్వు, కుట్టేవాడివి నువ్వు. కడరాత్రి మేడగదిలో ఆ ఘనుడే భోజనం దగ్గర నుంచి లేచి, పైవస్త్రం తీసి పెట్టి, నడుముకు తువాలు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, దుమ్ముకొట్టుకున్న పాదాల ముందు వంగాడు. తెల్లవారకముందే నిన్నెరగనని బొంకబోయేవాడి పాదాలు కడిగాడు. ముప్పై వెండి నాణేలకు అమ్మినవాడి పాదాలూ కడిగాడు, తుడిచాడు. ఊరంతా ఊరి పెద్ద ముఖం చూడాలని మెడలు సాచి నిక్కుతుంటే, తరతరాలుగా పాదాల దగ్గరే బతికిన నువ్వు, ప్రభువును చూడ్డానికి తల ఎత్తాల్సిన పనేముంది తాతా? పక్కకు తిరిగావు. అక్కడే వంగి ఉన్నాడాయన.

ఓ దీనత్వమా, ఎంత చల్లని నేలవు నువ్వు! పడ్డవాడికి తగిలే చివరి చాపవు. ఎవరూ తోసెయ్యలేని చోటువి. పొగిడితే ఉబ్బని చెరువువి, తిడితే ఇంకని చెలమవు. నిన్ను బలహీనత అనుకున్నాను ఒకప్పుడు. నిన్ను సిగ్గు అనుకున్నాను. నా మాట వినేవాళ్లు తగ్గిపోయిన రోజుల్లో, నా పేరు పిలిచేవాళ్లు లేని కూటాల్లో వెనక వరుసన గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు నిన్ను శిక్ష అనుకున్నాను. ఆ గోడ చల్లదనంలోనే నా జ్వరం దిగింది. ఆ వెనక వరుసలోనే, నాకు కుడిపక్కన చింకి కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న ముసలమ్మ ప్రార్థన నా చెవిన పడింది. తనకోసం ఒక్క మాటా అడగలేదు ఆ తల్లి. ముందు వరుసలో ఉంటే నాకెలా వినపడేది!

ఒంగోలులో ఆ తొలినాళ్ల మరో సంగతి నీకు తెలుసు కొండా. పై కులాలవాళ్లు కొందరు వాక్యం వినడానికి వస్తున్నారు. పల్లె నుంచి మాదిగలు కూడా వస్తున్నారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు పైవాళ్లు. క్లౌ దొర కలవరపడ్డాడు. ఒక గదిలో తాను, మరో గదిలో భార్య, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తెరుచుకుంది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, జ్ఞానుల్నీ ఘనుల్నీ పక్కన పెట్టి లోకం నీచమన్నవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే ఆ మాటలు. ఇద్దరూ బయటికి వచ్చి ఒకరికొకరు చెప్పుకుని నిర్ఘాంతపోయారు. తలుపు తెరిచారు. అది పెద్ద మనుషుల రాకకు మూసుకున్న తలుపని ఊరు అనుకుంది. చెప్పులు బయట విడిచి లోపలికి రమ్మని తమను ఎన్నడూ ఎవరూ పిలవని జనం, పిలుపు విన్న తలుపు అది.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా ఆకాశం ఇత్తడి, నేల ఇనుము. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే పని క్లౌ దొర కంట్రాక్టుకు తీసుకుని, ఎముకల గూళ్లకు పార ఇచ్చాడు, కూలి ఇచ్చాడు, కూడు పెట్టాడు. కరువు నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. గంజి కోసం మొక్కారనే మాట ఆ పేదల మీద పడకూడదని. ఈ ఒక్క సంగతికి ఆయనకు నేను చేతులెత్తి దండం పెడతాను. ఆకలిగొన్నవాడి ఆత్మగౌరవాన్ని అన్నం పెట్టే చేత్తోనే కాపాడటం అందరికీ రాదు. వానలు తిరిగొచ్చాయి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడగా, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. గుండ్లకమ్మా, నల్లమల కూతురా, ఆ రోజు నీ నీళ్లు ఎంత నిండుగా నవ్వాయో! ఎన్ని తలలు నీలో మునిగి, ఎన్ని ముఖాలు నీలోంచి కొత్తగా లేచాయో!

ఆ అంకెను ప్రపంచమంతా చెప్పుకుంది. చెప్పుకోనీ. సంఘాల గోడల మీద రాసుకోనీ, వార్షికోత్సవాల్లో వినిపించనీ. నాకూ ఆ అంకె తీపే. కానీ కొండా, కుంగిన రాత్రుల్లో ఆ పెద్ద అంకె నా పక్కన కూర్చోదు. నా పక్కకు వచ్చేది నీ ఐదు. చలికి కొంగు బిగించుకుని రాళ్లెక్కిన రూతు. గుంపు చూడకుండానే గుంపు కోసం ఏడ్చిన జూలియా. చేతిలో ఏమీ లేకుండా ఎక్కి, చేతిలో ఏమీ లేకుండా దిగిన నరుసు. ఏ ఫలమూ అందని ఆ ఉదయాన్ని పట్టుకుని నేను నా ఉదయాల్లోకి నడుస్తున్నాను.

పైన ఉండగా, తూర్పు తెల్లబారుతుండగా, జ్యూయెట్ కింద ఒక మెరక చూపించాడు. నాగజెముడు కమ్మేసిన చోటది. మన మిషన్ బంగళాకు ఆ చోటు బాగుండదా అని జూలియాను అడిగాడు. తర్వాతి కాలంలో అక్కడే బంగళా లేచింది. కానీ ఆ పొద్దున్న ఐదుగురూ ఆమేన్ అని లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, నీ రాళ్ల మీదుగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగేటప్పటికి, కింద నాగజెముడు ఎలా ఉన్నది అలాగే ఉంది.