పొద్దు మళ్లే చోటు

మే మొదటి వారం చివర్లో, మధ్యాహ్నం 12 గంటల 14 నిమిషాల ప్రాంతంలో, జడ్చర్లలో వాకిట్లో గడ్డపార నిలబెట్టి చూడండి. దాని నీడ మాయమవుతుంది. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది కాబట్టి నీడ పడటానికి చోటే ఉండదు. ఆగస్టు మొదటి వారంలో మబ్బు పట్టకపోతే ఇంకోసారి ఇదే జరుగుతుంది. నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఎంతసేపు చూసినా సన్నటి నీడ ఒకటి మిగిలే ఉంది. తప్పు సూర్యుడిది కాదు, గడ్డపార ఒరిగింది. దారానికి రాయి వేలాడదీసి నిలువు సరిచూసుకుని మర్నాడు మళ్లీ చూడాల్సి వచ్చింది.

మన జ్యోతిష గ్రంథాలు శంకువు అన్నది ఇలాంటి నిలువు పుల్లనే. కొలత పన్నెండు అంగుళాలు. చదును చేసిన నేల మీద దాని చుట్టూ ఒక వృత్తం గీస్తారు. పొద్దున నీడ కొస వృత్తంలోకి వచ్చే చోట ఒక గుర్తు, సాయంత్రం బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండిటినీ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. దిక్సూచి అక్కర్లేదు. పైగా దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరాన్ని, ఈ గీత చూపేది అసలు దిక్కుని. రేయింబవళ్లు సమానమయ్యే రోజు మిట్టమధ్యాహ్నం పడే నీడ పొడవును పలభ అంటారు. జడ్చర్లకు అది 3.6 అంగుళాలు. ఆ ఒక్క సంఖ్య తెలిస్తే ఊరి అక్షాంశం తెలుస్తుంది, ఏ రోజు పగలు ఎంతసేపో లెక్క కట్టొచ్చు. పంచాంగం గుణించేవారికి ఊరూరికీ పలభ కావాల్సింది అందుకే. ఈ విద్య సంస్కృతానికే పరిమితమైందనుకోవద్దు. 12వ శతాబ్దంలో వేంగి ప్రాంతపు మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతమనే సంస్కృత జ్యోతిష గ్రంథానికి తెలుగులోనూ వ్యాఖ్య రాశాడు.

పుస్తకాలు పుట్టకముందు ఏం చేశారో చూడాలంటే జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్, దేవరకద్ర, మక్తల్ మీదుగా కృష్ణ ఒడ్డుకు పోవాలి. పాత పాలమూరు జిల్లాలోదే అయిన ముడుమాల్ ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది. ఊరి దగ్గర మనిషికి రెండింతల ఎత్తున నిలబెట్టిన రాళ్లు దాదాపు 80. వాటి నడుమ మోకాలి ఎత్తు కూడా లేని చిన్న రాళ్లు వేల సంఖ్యలో వరుసలు కట్టి ఉంటాయి. ఊరివాళ్లకు అవి నిలువురాళ్లు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ కె.పి. రావు ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. కొన్ని వరుసలు అయనాంతాల నాటి, అంటే పొద్దు వెనక్కి మళ్లే రోజుల నాటి, సూర్యోదయ, సూర్యాస్తమయాల వైపు చూస్తాయని, ఒక బండ మీది గుంటల్లో సప్తర్షి మండలం ఉందని చెప్పారు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

ఈ వరుసల్లోని కిటుకు తేలికే. ఒక రాయి వెనక నిలబడి, ఎదుటి రాయి మీదుగా పొద్దుపొడుపు చూడాలి. ఈ అక్షాంశంలో పొద్దు పొడిచే చోటు ఏడాది పొడవునా సుమారు 49 డిగ్రీల మేర అటూ ఇటూ జరుగుతుంది. మార్చి, సెప్టెంబరుల్లో రోజుకు దాదాపు సూర్యబింబమంత జరుగుతుంది, కంటికే తెలుస్తుంది. చిక్కంతా చివర్లో. డిసెంబరు 21కి అటు ఐదు రోజులు, ఇటు ఐదు రోజులు బింబంలో ఐదో వంతు కూడా కదలదు. అంటే పొద్దు మళ్లిన రోజేదో ఆ రోజున చూసి చెప్పలేం. దానికి ఒక ఉపాయం ఉంది. డిసెంబరు 1న పొడిచిన చోట గుర్తు పెట్టుకుంటే, తిరుగుప్రయాణంలో సూర్యుడు జనవరి 11 ప్రాంతంలో అదే గుర్తు దగ్గర పొడుస్తాడు. నడుమ రోజులు లెక్కేసి సగం చేస్తే డిసెంబరు 21 తేలుతుంది. ముడుమాల్ వాళ్లు ఇలాగే చేశారని నేననను. గులకరాళ్లతో లెక్కపెట్టగలిగిన ఎవరికైనా ఇది సాధ్యమే అంటాను.

నాకొక అనుమానమూ ఉంది. 80 రాళ్లలో రెండేసి తీసుకుంటే 3,160 జతలవుతాయి. అన్ని జతల్లో ఏదో ఒకటి ఆకాశంలో ఏదో ఒకదాని వైపు చూడకుండా ఎలా ఉంటుంది? కాబట్టి ఒక జత కుదిరిందని చప్పట్లు కొట్టడం విజ్ఞానం కాదు. ఏ వరుస ఎటు చూడాలో ముందు చెప్పి తర్వాత కొలవాలి. కుదరనివాటినీ లెక్కలో చూపాలి. పొడవాటి వరుస మొత్తం ఒకే దిక్కు పట్టిందంటే దాన్ని యాదృచ్ఛికమని తోసేయడం కష్టం. అందుకే అయనాంతపు వరుసల వైపే మొగ్గుతాను. సప్తర్షుల విషయంలో ఇంకా ఊగిసలాటే.

రాళ్ల నుంచి మళ్లీ పంచాంగానికి వద్దాం. సంక్రాంతితో ఉత్తరాయణం మొదలంటాం. కానీ పొద్దు ఉత్తరానికి మళ్లి అప్పటికే మూడు వారాలు దాటిపోయి ఉంటుంది. సుమారు 1,700 ఏళ్ల కిందట ఆ రెండూ ఒకే రోజున పడేవి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వచ్చింది. మిరుగానికీ ఇదే గతి, మృగశిర కార్తె కూడా రుతువుల్లో అలాగే ముందుకు జరుగుతోంది. మన పూర్వులకు ఇది తెలియదనుకుంటే పొరపాటు. సూర్యసిద్ధాంతం ఈ చలనాన్ని చెప్పింది. అయితే అది 27 డిగ్రీల దాకా పోయి వెనక్కి వస్తుందంది. నేటి భౌతికశాస్త్రం ప్రకారం వెనక్కి రాదు, 26,000 ఏళ్లకు పూర్తి చుట్టు చుడుతుంది. ఇప్పుడు తేడా 24 డిగ్రీల దగ్గరుంది. ఇంకో రెండు మూడు వందల ఏళ్లకు 27 దాటుతుంది. ఫలానా హద్దు దాటదని తెగేసి చెప్పిన సిద్ధాంతాన్ని నేను తక్కువ చేయను. తప్పో ఒప్పో ఆకాశం చూసి తేల్చగలిగేలా మాట్లాడింది. ఎటు తిరిగినా సరిపోయే మాటలకంటే అది వెయ్యి రెట్లు నయం.

ముడుమాల్ వెళ్లాలనుకుంటే సంక్రాంతి దాకా ఆగకండి. డిసెంబరు మూడో వారంలో, ఇంకా చీకటుండగానే అక్కడికి చేరండి. ఆ రోజు మబ్బు పట్టిందా, దిగులొద్దు. మర్నాడు వెళ్లినా పొద్దు దాదాపు అక్కడే పొడుస్తుంది.