మీట అనే ఉపమానం: కండర కణ విభేదనంలో మైక్రోఆర్‌ఎన్‌ఏల పాత్రపై ఒక పరిశీలన

'నేచర్ జెనెటిక్స్' పత్రికలో 2006లో వాంగ్ బృందం వెలువరించిన వ్యాసం తరువాత, మిర్-1 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ కండర కణ విభేదనానికి మీట వంటిదన్న అభిప్రాయం బలపడింది. ఆ ప్రయోగాలను తక్కువ చేయనక్కరలేదు. సి2సి12 అనే ఎలుక మయోబ్లాస్టులలో మిర్-1 మోతాదును పెంచినప్పుడు హెచ్‌డాక్-4 ప్రోటీను తగ్గుతుంది. అది అణచి ఉంచిన మెఫ్-2 విడుదలై కండర జన్యువులు వ్యక్తమవుతాయి. కణాలు విభజన మాని ఒకదానితో ఒకటి కలిసి మయోట్యూబులవుతాయి. మిర్-133 మాత్రం ఎస్‌ఆర్‌ఎఫ్‌ను తగ్గించి కణ విభజనకే తోడ్పడుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. పరస్పర విరుద్ధంగా పనిచేసే ఈ రెండూ ఒకే ప్రాథమిక ఆర్‌ఎన్‌ఏ ప్రతి నుండి తెగి వస్తాయి. విభేదనం సాగుతున్నకొద్దీ రెండూ కలిసే పెరుగుతాయి. విభజనకు తోడ్పడేది విభజన ఆగే వేళ ఎందుకు పెరగాలి? మీట అనే ఉపమానంలో ఈ ప్రశ్నకు చోటు లేదు. ఎస్‌ఆర్‌ఎఫ్ ఈ జన్యువులను ప్రేరేపించే కారకాలలో ఒకటి కనుక, మిర్-133 చర్యను రుణాత్మక ఫీడ్‌బ్యాక్‌గా చదవడమే సమంజసమని నా అభిప్రాయం.

జన్యు తొలగింపు ప్రయోగాలు ఈ సందేహాన్ని మరింత పెంచాయి. మిర్-206 లేని ఎలుకలలో కండరాలు మామూలుగానే ఏర్పడ్డాయని 2009లో 'సైన్స్' వ్యాసం చూపింది. నాడి దెబ్బతిన్నప్పుడే లోపం బయటపడింది. మిర్-133ఎ జన్యువులు రెండూ లేని ఎలుకలకు కండర వ్యాధి వచ్చింది గానీ, అది వయోజన దశలో. మిర్-1, మిర్-206ల లక్ష్యాన్ని గుర్తించే భాగం ఒకటే కనుక ఒకటి లేకుంటే మరొకటి ఆదుకుంటుందనే సమాధానం ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. కండరాలలో డైసర్‌ను తొలగిస్తే ఎలుక పిల్లలు పుట్టిన వెంటనే మరణించడాన్ని కూడా సాక్ష్యంగా చూపుతారు. అయితే డైసర్ లేకపోతే దాదాపు అన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏలూ లేనట్లే. ఆ ఫలితాన్ని మిర్-1 ఖాతాలో ఎలా వేయగలం?

అధిక మోతాదు ప్రయోగం ఒక అణువు ఏమి చేయగలదో చెబుతుంది. కణంలో సహజంగా ఏమి చేస్తున్నదో చెప్పదు. మన పరిశోధకులు ఈ తేడాను దాటవేయరాదు. టెక్సెల్ గొర్రెల ఉదాహరణ ఇందుకు దారి చూపుతుంది. మయోస్టాటిన్ జన్యువు చివరి అనువాదరహిత భాగంలో ఒక్క అక్షరం మారి, మిర్-1, మిర్-206లకు కొత్త బంధస్థానం ఏర్పడింది. మయోస్టాటిన్ తగ్గి కండ పెరిగింది. ఇదే పద్ధతిని తిరగవేసి, హెచ్‌డాక్-4లోని మిర్-1 బంధస్థానాలను మాత్రమే చెరిపి, విభేదనం ఎంత ఆలస్యమవుతుందో కొలవాలి.