షార్క్ ముందు వేడ్ బాగ్స్, దెయ్యం ముందు చక్ కానర్స్

1949 మే 1న బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు చక్ కానర్స్ చేతికి ఒకే ఒక్కసారి బ్యాటు ఇచ్చింది. ఆయన కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ ఫీల్డర్ చేతికి చిక్కింది. ఒక్క దెబ్బకు ఇద్దరు అవుట్. దాన్ని డబుల్ ప్లే అంటారు. క్రికెట్లో అలాంటిది లేదు గానీ, బ్యాటరు తను పోతూ పోతూ అవతలి ఎండ్‌లో ఉన్నవాణ్ని కూడా వెంటబెట్టుకు పోయాడనుకోండి, అదీ సంగతి. డాడ్జర్స్ తరఫున ఆయన బ్యాటింగ్ అంతటితో సరి.

1999 ఆగస్టు 7న టాంపా బే డెవిల్ రేస్ ఆటగాడు వేడ్ బాగ్స్ తన 3,000వ హిట్ కొట్టాడు. అది హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. అంతకుముందు మూడువేలు చేరినవాళ్లలో ఎవరూ ఆ హిట్‌ను హోమ్ రన్‌తో అందుకోలేదు. బేస్‌లన్నీ చుట్టి వచ్చి, హోమ్ ప్లేట్ దగ్గర వంగి దాన్ని ముద్దు పెట్టుకున్నాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే బేస్‌బాల్ అభిమానికి కోపం రావచ్చు. మైదానం సంగతైతే నేనూ ఆ పని చేయను. అయితే ఆట మానేశాక ఇద్దరూ చెరో టీవీ భయానక చిత్రంలో కనిపించారు. కానర్స్‌ది 1973లో సీబీఎస్ ప్రసారం చేసిన 'ది హారర్ ఎట్ 37,000 ఫీట్'. బాగ్స్‌ది 2011లో సైఫై ఛానల్లో వచ్చిన 'స్వాంప్ షార్క్'. రెండూ తక్కువ డబ్బుతో గబగబా చుట్టేసినవే. రెండింట్లోనూ వీళ్లకు యూనిఫాం తొడిగారు. కానర్స్ విమానం కెప్టెన్, బాగ్స్ డెప్యూటీ షెరిఫ్.

ఈ యూనిఫాం కాకతాళీయం కాదని నా అనుమానం. చవక సినిమాలో పాత్రను పరిచయం చేయడానికి టైం ఉండదు. గట్టి ఒళ్లున్న మనిషికి టోపీ, బ్యాడ్జీ తగిలిస్తే సగం పని అయిపోతుంది, దర్జీ ఖర్చు తప్ప వేరే ఖర్చుండదు. ఈ కిటుకు అమెరికా వాళ్లకే తెలుసనుకోనక్కర్లేదు. తమిళ సినిమా 'కోబ్రా'లో క్రికెటర్ ఇర్ఫాన్ పఠాన్‌కు ఇంటర్‌పోల్ అధికారి వేషమే ఇచ్చారు.

ముందు కానర్స్ సంగతి. డాడ్జర్స్ వదిలేశాక 1951లో షికాగో కబ్స్ తరఫున 66 ఆటలు ఆడాడు. సగటు .239, హోమ్ రన్లు రెండు. వెయ్యిసార్లు బ్యాటు పడితే 239 హిట్లన్నమాట. ఉద్యోగం నిలబెట్టే లెక్క కాదది. కబ్స్ ఆయన్ను కింది లీగుకు, లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌కు పంపేశారు. ఆటగాడికి అది శిక్షే. అయితే హాలీవుడ్ ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. 1952లో 'పాట్ అండ్ మైక్'లో చిన్న వేషం దొరికింది, అదీ పోలీసు కెప్టెన్‌గా. 1958 నుంచి 1963 దాకా 'ది రైఫిల్‌మన్' సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిపోయాడు. 1973 నాటికి ప్రేక్షకుడికి ఆయన ఆ సీరియల్‌లోని తుపాకీ పట్టిన లూకాస్ మెక్‌కెయిన్. మొదటి బేస్ దగ్గర గ్లవ్ తొడుక్కుని నిలబడ్డ మనిషి ఎవరికీ గుర్తు లేడు. గుర్తుండేంతగా ఆయన ఆడలేదు మరి!

టీవీ భయానక చిత్రాలకు అది మంచి కాలం. 1971లో స్పీల్‌బర్గ్ 'డ్యూయెల్' వచ్చింది. 1972 జనవరిలో 'ది నైట్ స్టాకర్' విరగబడి ఆడింది. కొన్ని వారాల షూటింగు, గంటంబావు నిడివి, జనానికి తెలిసిన నాలుగైదు ముఖాలు ఉంటే వారానికో దెయ్యాన్ని ఇంటికే పంపొచ్చని ఛానళ్లకు అర్థమైంది. డేవిడ్ లోవెల్ రిచ్ తీసిన 'ది హారర్ ఎట్ 37,000 ఫీట్' ఆ కోవలోది. లండన్ నుంచి అమెరికా వెళ్తున్న విమానం సరుకుల గదిలో ఒక పాత మఠం నుంచి పెకలించి తెచ్చిన బలిపీఠపు రాళ్లు ఉంటాయి. వాటిని అంటిపెట్టుకున్న ప్రాచీన శక్తులు మేల్కొంటాయి. లోపల చలి పుడుతుంది. ఎదురుగాలికి విమానం ముందుకు కదలక ఆకాశంలో ఉన్నచోటే నిలబడిపోతుంది. ప్రయాణికుల్లో మతం వదిలేసిన పూజారిగా విలియం షాట్నర్, డబ్బున్న మొరటు మనిషిగా బడ్డీ ఎబ్సెన్ ఉన్నారు.

నవ్వు రాదా అంటే వస్తుంది. విమానంలో నేల మీద పాకే జిగురు పదార్థం ఏ వంటింట్లో కలిపారో అనిపిస్తుంది. కానీ 'విమానం కదలడం లేదు' అన్న మాటను నమ్మించాల్సిన భారం కెప్టెన్ మీద ఉంది. తెర మీద విమానం కదిలినా ఆగినా మనకు ఒక్కలాగే కనపడుతుంది. గాలి కనపడదు, చలి కనపడదు. కనపడేది కెప్టెన్ ముఖమే. కానర్స్ అక్కడ పెద్దగా నటించడు. మీటర్లు చూస్తాడు, దవడ బిగిస్తాడు, పొట్టి వాక్యాలు మాట్లాడతాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఒంటి బలంతో ఏ పనైనా సాధించగలడనిపించే మనిషి, కుర్చీకి అతుక్కుపోయి ఏమీ చేయలేకపోతున్నాడు. సినిమాలో ఉన్న భయమంతా అక్కడే ఉంది. ఆటగాడి శరీరాన్ని దర్శకుడు పనికి పెట్టింది ఆ శరీరానికి పని లేకుండా చేసి. తెలిసే చేశాడో, కాక్‌పిట్ సెట్ ఇరుకై అలా కుదిరిందో నేను పందెం కాయను.

ఇప్పుడు రెండోది. బాగ్స్ లెక్కలు వేరే లోకానివి. 3,010 హిట్లు, జీవితకాల సగటు .328, అయిదు బ్యాటింగ్ టైటిళ్లు, పన్నెండుసార్లు ఆల్ స్టార్, 2005లో హాల్ ఆఫ్ ఫేమ్. అంకెలను మించినవి ఆయన ఆచారాలు. ప్రతి ఆటకు ముందు కోడికూర తినాల్సిందే. ఆ కోడి వంటకాలతో 1984లో ఏకంగా పుస్తకమే వేశాడు. సాయంత్రం 5:17కు బ్యాటింగ్ సాధన, 7:17కు పరుగు. బ్యాటు పట్టే ముందు మట్టిలో హీబ్రూ అక్షరాలు గీసేవాడు. 1996లో అప్పటి తన జట్టు యాంకీస్ వరల్డ్ సిరీస్ గెలిచిన రాత్రి పోలీసు గుర్రం వెనక ఎక్కి స్టేడియమంతా చుట్టాడు. మూఢనమ్మకాలతో నిండిన ఇలాంటి మనిషి భయానక చిత్రంలోకి వస్తున్నాడంటే కథకుడు ఎగిరి గంతేయాలి!

గ్రిఫ్ ఫర్స్ట్ దర్శకత్వంలో వచ్చిన 'స్వాంప్ షార్క్' అలాంటి గంతేమీ వేయదు. లూసియానా చిత్తడి నేలల్లో ఒక వింత షార్క్ తప్పించుకు తిరుగుతుంది. మొసళ్ల పండగ దగ్గర పడుతుంది. క్రిస్టీ స్వాన్సన్ హోటల్ నడుపుతూ ఇంటివాళ్లను కాపాడుకుంటుంది. రాబర్ట్ డావి షెరిఫ్, ఆయన కింద డెప్యూటీ స్టాన్లీగా బాగ్స్. చిన్న పాత్ర, ఆటతో సంబంధం లేని పాత్ర. ఆయన తెర మీదికి రాగానే తెలిసినవాడు 'అరె, బాగ్స్!' అంటాడు. తెలియనివాడికి ఆయన ఎవరో డెప్యూటీ. ఈ రెండింటికీ మధ్య స్టాన్లీ అనే మనిషికి నిలబడే చోటు లేదు. మనవైపు క్రికెటర్ డేవిడ్ వార్నర్ 'రాబిన్‌హుడ్'లో కాసేపు కనిపించినప్పుడు పాత్ర పేరేమిటని ఎవరం అడిగాం? వార్నర్ వచ్చాడన్నాం. అది సరదా సినిమా కాబట్టి చెల్లింది. భయానక చిత్రంలో ఆ 'అరె' అన్న క్షణమే కొంప ముంచుతుంది. గుర్తుపట్టగానే నవ్వుతాం, నవ్విన నోటితో వెంటనే భయపడలేం. పైగా మూడువేల హిట్ల మనిషికి షార్క్ వల్ల ఏమన్నా అవుతుందని మనసులో ఎక్కడా దిగులుండదు. మహా అయితే రేపు ఆ షార్క్‌తో కలిసి ఫొటో దిగుతాడనిపిస్తుంది.

బాగ్స్‌కు కెమెరా ముందు నిలబడటం రాదనుకుంటే పొరపాటు. 1988లో 'చీర్స్' హాస్య ధారావాహికలో ఆయన తన వేషంలో తనే వచ్చాడు. బోస్టన్ బార్‌లోకి నిజమైన బాగ్స్ నడిచివస్తే, పోటీ బార్ వాళ్లు పంపిన దొంగ బాగ్స్ అనుకుని అక్కడివాళ్లు వెంటపడి తరుముతారు. 1992లో 'ది సింప్సన్స్' కార్టూన్ కోసం గొంతు ఇచ్చాడు. అందులో ఇంగ్లండ్ ప్రధానుల్లో ఎవరు గొప్ప అన్న వాదనలో ఒక తాగుబోతు చేతి గుద్దు తిని పడిపోతాడు. 2015లో 'ఇట్స్ ఆల్వేస్ సన్నీ ఇన్ ఫిలడెల్ఫియా'లో, బతికున్న ఆయన పోయాడని ఒకడు పదేపదే అనుకోవడమే హాస్యం. మూడు చోట్లా ఆయన గుర్తింపుతోనే ఆడుకున్నారు. 'చీర్స్'లో ఆయన బాగ్స్ అంటే ఎవరూ నమ్మరు, అందుకే పండింది. 'స్వాంప్ షార్క్'లో ఆయన బాగ్స్ కాదంటే ఎవరూ నమ్మరు, అందుకే ఎండింది.

ఈ ఇబ్బందిని 1980లోనే 'ఎయిర్‌ప్లేన్!' హాస్యచిత్రం వాళ్లు కనిపెట్టారు. అందులో సహ పైలట్ బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్. కాక్‌పిట్ చూడటానికి వచ్చిన పిల్లవాడు గుర్తుపట్టేస్తాడు. ఆయన నేను కరీం కాదు, మర్డాక్‌ను అని బుకాయిస్తాడు. ఆటలో సరిగా ఒళ్లు వంచడం లేదని పిల్లవాడు తండ్రి మాటగా అంటించేసరికి వేషం ఊడిపోతుంది. ప్రేక్షకుడి మనసులోని 'అరె'ను పాత్ర నోటే పలికించారు. 'స్వాంప్ షార్క్' రచయితలు కూడా అలా ఒక్క ముక్క అని ఉంటే నేనీ వ్యాసం వేరేగా రాసేవాణ్ని.

అసలు వింత 'స్వాంప్ షార్క్'లోనే ఇంకొకటుంది. బాగ్స్ తోటి నటుడు డి. బి. స్వీనీ 1988లో 'ఎయిట్ మెన్ అవుట్'లో షూలెస్ జో జాక్సన్‌గా చేశాడు. 1919 వరల్డ్ సిరీస్ అమ్ముడుపోయిన కేసులో ఆట నుంచి జీవితాంతం వెలివేసిన ఆటగాడతను. ఆ పాత్ర కోసం స్వీనీ ఎడమవైపు నిలబడి బ్యాటింగ్ చేయడం నేర్చుకున్నాడు. అంటే లూసియానా బురదలో ఎడమవైపు నుంచి బ్యాటు ఊపగలవాళ్లు ఇద్దరున్నారు, ఒకడు అసలు, ఒకడు వేషం. సినిమాకు ఆ స్పృహే లేదు. ఇంట్లో పప్పూ ఉప్పూ పెట్టుకుని ఉప్పు లేని పప్పు వడ్డించినట్టుంది.

ఉప్పు వేసినవాళ్లు మూడేళ్ల తర్వాత వచ్చారు, అదే సైఫై ఛానల్లోనే. 2014 జూలై 30న వచ్చిన 'షార్క్‌నాడో 2'. ఆంథనీ ఫెర్రాంటే దర్శకుడు. న్యూయార్క్ మీద సుడిగాలిలో షార్కులు కురుస్తాయి. మెట్స్ జట్టు సొంత మైదానం సిటీ ఫీల్డ్‌లో ఒక మాజీ మెట్స్ ఆటగాడు బ్యాటు పుచ్చుకుని, ఎగిరివస్తున్న షార్క్‌ను బంతిని బాదినట్టు బాదుతాడు. ఆ ఆటగాడు హార్లండ్ మెక్‌గిన్నెస్ కల్పిత పాత్ర, వేసింది నటుడు రిచర్డ్ కైండ్. నిజజీవితంలో ఆయన్ను చూసి ఏ పిచ్చరూ జడవడు. అయినా ఆ దెబ్బకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, ఎందుకంటే మాజీ ఆటగాడి నుంచి ప్రేక్షకుడు కోరేది ఇంకొక్కసారి కొట్టమనే. బాగ్స్ చేయాల్సిన పని కైండ్ చేశాడు. ఈ సినిమా మొదలయ్యేది కూడా విమానంలోనే. పైలట్ 'ఎయిర్‌ప్లేన్!' హీరో రాబర్ట్ హేస్. రెక్క మీద షార్క్ కనపడే దృశ్యం, 1963లో 'ట్విలైట్ జోన్' సీరియల్‌లో షాట్నర్ కిటికీలోంచి రాక్షసుణ్ని చూసినదానికి సలాం. కానర్స్ విమానంలో పూజారి వేషం కట్టింది ఆ షాట్నరే కదా!

ఇక తీర్పు. 'స్వాంప్ షార్క్'లో బాగ్స్‌ది పేరు గొప్ప ఊరు దిబ్బ. తప్పు ఆయనది కాదు, ఆయన పేరును వాడుకుని మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టినవాళ్లది. కానర్స్ గెలిచాడు, కొంత నటన వల్ల, కొంత ఆటలో ఓడినందువల్ల. .239 కొట్టినవాడికి తెర మీద కొత్త పేరు పెడితే జనం ఒప్పుకుంటారు, .328 కొట్టినవాడికి ఆ వీలుండదు. ఆ దారిలో కానర్స్ ఇంకా ముందుకు పోయి 1987లో ఫాక్స్ ఛానల్ 'వేర్‌వుల్ఫ్'లో ఒంటికన్ను తోడేలు మనిషి స్కోర్జెనీగా పిల్లల్ని దడిపించాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడికి ఆ వేషం ఇవ్వడానికి నిర్మాతలకు చేతులొస్తాయా?

రాత్రిపూట ఒక్కటే చూసే తీరికుంటే 1973 నాటి విమానం ఎక్కండి, గంటంబావులో దిగిపోవచ్చు. నలుగురు స్నేహితులు పోగైతే 'షార్క్‌నాడో 2' పెట్టుకోండి. బాగ్స్ కోసమే అయితే 'చీర్స్'లోని ఆ ఒక్క ఎపిసోడ్ చాలు.