గ్రంథాలయపు ఉచిత సభలు – ఔచిత్య విచారము

తెలుగున ‘ఉచితము’ అను మాటకు రెండర్థములు ప్రచారములో నున్నవి. సంస్కృతమున దానికి తగినది, యుక్తమైనది అని యర్థము. వెల లేకుండ నిచ్చునది అను అర్థము తరువాత దేశభాషలయందు కలిగినది. నేడు బజారులో వినబడునది ఈ రెండవ యర్థమే. ఒక వస్తువు కొన్నచో మరియొకటి ఉచితమని అంగడివాడు బోర్డు కట్టును. ఆ రెండవ వస్తువు మనకు తగినదా కాదా యని యడుగువారు లేరు. ఈ మాట ఇప్పుడు గ్రంథాలయముల గోడలపైకిని ఎక్కినది. ‘ప్రవేశము ఉచితము, అందరును ఆహ్వానితులే’ అని ప్రకటనలు పలుకుచున్నవి. ప్రవేశమునకు వెల లేదన్న మాట నిజమే. ఆ సభ మొదటి యర్థమునను ఉచితమా యన్న ప్రశ్న మిగిలియున్నది. దానిని విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశీయుడగు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ యను లక్షణగ్రంథమును రచించెను. కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని యాతని సిద్ధాంతము. పదము, వాక్యము మొదలుకొని దేశము, కాలము వఱకు ఒక్కొక్క యంగమునందును తగుట యేదో, తగమి యేదో ఆతడు ఉదాహరణములతో నిరూపించెను. కాళిదాసాదులయందు సైతము అనౌచిత్యమును చూపుటకు వెనుదీయలేదు. గ్రంథాలయసభ కావ్యము కాదు. అయినను అదియు ఒక విధమగు రచనయే. దానికిని వేళ, చోటు, వక్త, శ్రోత, భాష, ఫలము అను అంగములు కలవు. కావ్యమును అంగాంగముగ పరీక్షించు మనము, మన పన్నుతో జరుగు సభను ఏల పరీక్షింపరాదు?

ముందుగ పూర్వచరిత్రమును కొంత స్మరింపవలెను. 1806లో సికిందర్ జా పేరిట వెలసిన మన సికింద్రాబాదు దండు ఊరు; నేటికిని వృద్ధులు దీనిని లష్కరనియే పిలుతురు. అట్టి ఊరిలో 1872లోనే ముదిగొండ శంకరారాధ్యులవారు శంకరానంద గ్రంథాలయమును నెలకొల్పిరి. 1893 ఫిబ్రవరి 13వ తేదీన వివేకానందస్వామి, చికాగో సర్వమత మహాసభకు పోకముందే, ఇచటి మహబూబు కళాశాలలో ఉపన్యసించెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో మన సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును స్థాపితములయ్యెను. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను ఇచటనే ప్రారంభించెను.

ఈ గ్రంథాలయములు పుస్తకములను దాచు బీరువాలుగ మాత్రమే యుండలేదు. నిజాము రాజ్యమున పాఠశాలలలో తెలుగునకు చోటు చాలదు. సభ జరుపవలెనన్నచో గస్తీ నిషాను 53 అను ఉత్తరువు ననుసరించి ప్రభుత్వానుమతి కావలెను. అట్టి దినములలో గ్రంథాలయ వార్షికోత్సవమే ప్రజలకు సభ, పఠనమందిరమే పాఠశాల. చదువు రానివారిని కూర్చుండబెట్టి వార్తాపత్రిక చదివి వినిపించుట ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమపు నిత్యకృత్యములలో నొకటి. కోస్తాలో పాతూరి నాగభూషణముగారు 1935లో పుస్తకములను పడవపై నెక్కించి కృష్ణాకాలువ వెంట పల్లెలకు పంపిరి. మనుజుడెచట నుండునో పుస్తకమచటికి పోవలెనన్నది వారి తలంపు. ఆ సభలకు ప్రవేశరుసుము లేదు. ఆ లేమిలో విశేషమును లేదు. వినువానికి ఆ దినమున ఏది కావలెనో అది యచట దొరకుటయే విశేషము.

ఇక నేటి స్థితి. 1955లో హైదరాబాదు రాజ్యమునకును, 1960లో ఆంధ్రప్రదేశమంతటికిని గ్రంథాలయ శాసనములు వచ్చినవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగ వసూలగుచున్నది. ఆ సొమ్ము సకాలమున గ్రంథాలయములకు చేరుట లేదన్న మొఱ తఱచు వినవచ్చుచున్నది. అది వేరు విషయము. గృహస్థు గ్రహింపవలసినది వేరొకటి కలదు. గ్రంథాలయమున ఉచితముగ దొరకునది దానము కాదు. దాని వెలను మన యింటిపన్నుతో ముందే చెల్లించియున్నాము. అద్దెయింట నున్నవాడు అద్దెలో కలిపి చెల్లించుచున్నాడు. కావున ఆ సభను గూర్చి ‘ధర్మమునకు వచ్చినది, దంతము లెంచనేల’ అనుటకు వీలులేదు. అది మన యావు. దంతముల నెంచుట మన విధి.

మొదట కాలౌచిత్యమును చూతము. ప్రతి సంవత్సరము నవంబరు 14 మొదలు 20 వఱకు జాతీయ గ్రంథాలయ వారోత్సవములు జరుగును. వ్యాసరచన, వక్తృత్వము, ముగ్గులు, కవిసమ్మేళనము, ముగింపున బహుమతి ప్రదానము. అన్నియు మంచివే. కాని పెక్కు శాఖలలో సంవత్సరమున జరుగు కార్యక్రమములన్నియు ఈ యేడు దినములలోనే కుప్పవడి, తక్కిన యేబదియొక్క వారములు నిశ్శబ్దముగ గడచును. ఏడాదికొకసారి విందు పెట్టి తక్కిన దినములు పస్తుంచు ఇంటిని మనము సంపన్న గృహమనుదుమా? సభ జరుగు వేళయు విచారణీయమే. పని దినమున పగలు పదునొకండు గంటలకు సభ పెట్టినచో కచ్చేరీ ఉద్యోగి రాలేడు. సాయంకాలము ఆరు గంటలకు పెట్టినచో ఇల్లాలు రాలేదు. ఆ వేళ పిల్లలు బడినుండి వచ్చియుందురు, పొయ్యి వెలిగింపవలెను. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వఱకు గల విరామమే పెక్కు ఇండ్లలో స్త్రీకి తనదని చెప్పుకొనదగిన కాలము. ఆ వేళకు సరిపడునట్లు ఏర్పాటు చేసిన సభలు బహు స్వల్పము.

స్థలౌచిత్యము రెండవది. సికింద్రాబాదు ఒక్క విధమగు ఊరు కాదు. మోండా మార్కెట్టులో కూరగాయ లమ్మువారు, లాలాగూడ రైల్వే కార్మికులు, మారేడుపల్లి పింఛనుదారులు, చిలకలగూడలోను సీతాఫలమండిలోను గదులు అద్దెకు తీసికొని ఉద్యోగపరీక్షలకు చదువుకొను పల్లెటూరి యువకులు – వీరందరును మన గ్రంథాలయమున కర్హులే. వీరిలో ఇప్పుడు గ్రంథాలయమును నిండించుచున్నవారు కడపటివారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము మొదలు పేటలలోని శాఖల వఱకు ఇదియే దృశ్యము. వారిని నిందింపరాదు, పేదవాని కుమారునికి దీపము, బల్ల, నిశ్శబ్దము దొరకు చోటు నగరమున మరియొకటి లేదు. అయితే ప్రక్క హాలులో మైకు పెట్టి సన్మానసభ జరిపినచో ఆ నిశ్శబ్దము భగ్నమగును. మైకు పెట్టనిచో తక్కిన ప్రజలకు చోటే లేదు. ఒకరి హక్కు మరియొకరి హక్కుతో ఢీకొనునట్లు కట్టిన భవనము దోషము గాని, చదువుకొనువారిది కాని, వినవచ్చినవారిది కాని దోషము కాదు. సభకు వేరు గది, వేరు ద్వారము ఉండవలెను. అన్నిటికంటె ముందు స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి యుండవలెను. ఈ మాట వ్రాయుటకు సంకోచింప నక్కరలేదు. మరుగుదొడ్డి లేనిచోట ‘మహిళలకు ప్రత్యేక ఆహ్వానము’ అని అచ్చువేయుట పరిహాసమే యగును.

పాత్రౌచిత్యము మూడవది. పెక్కు సభలలో వేదికపై పదిమందియు, ఎదుట ఇరువదిమందియు కూర్చుందురు. ఆ యిరువదిమందిలో సగము వేదికపైవారి బంధువులు. ఒకరొకరికి శాలువ, జ్ఞాపిక, పూలదండ, ఒకరొకరిపై పొగడ్తలు. సభకు కారణమైన పుస్తకమును గూర్చి ముచ్చటించు సమయమునకు గడియారము చూపి తొందర పెట్టుదురు. సన్మానము చెడ్డది కాదు. గ్రంథాలయమున దానికి అగ్రపీఠమీయుట చెడ్డది. బాలుర వక్తృత్వపు పోటీలలోను ఇదియే వైపరీత్యము. ‘గ్రంథాలయముల ఆవశ్యకత’ అను విషయముపై బాలుడు కంఠపాఠముగ అయిదు నిమిషములు మాటలాడి మొదటి బహుమతిగ స్టీలు గిన్నెను పొంది ఇంటికి పోవును. బీరువా తెఱచి పుస్తక మొకటి చేత బట్టి చూచిన పాపమున పోడు. ఉపాధ్యాయులము మనమే ఆ వ్యాసమును వ్రాసియిచ్చి కంఠస్థము చేయించుచుందుము. దీనివలన బాలుడు నేర్చునది ఒక్కటే: పుస్తకమును చదువకయే పుస్తకమును పొగడవచ్చును.

భాషౌచిత్యము నాలుగవది. వ్యాసమునకు తగిన భాష సభకు తగదు. మధుమేహమును గూర్చి వైద్యుడు ఆంగ్లపదములు గుప్పించి మాటలాడినను, పండితుడు సమాసములు గుప్పించి మాటలాడినను వినువాని నష్టము సమానమే. మఱియు ఈ ఊరిలో తమిళులు, ఉర్దూవారు, మరాఠీలు, మార్వాడీలు తరతరములుగ మనతో నున్నారు. ఒకనాడు తెలుగునకు చోటు లేదని బాధపడి గ్రంథాలయములను కట్టుకొన్న మనము, ఇతరభాషలవారికి మన గ్రంథాలయమున చోటు లేదనిపించరాదు.

ఫలౌచిత్యము కడపటిది, ముఖ్యమైనది. 1931లో శియాలి రామామృత రంగనాథనుగారు ప్రకటించిన గ్రంథాలయ సూత్రములు అయిదింటికిని సారము ఒకటే: పుస్తకము పాఠకుని చేరవలెను. కావున సభ ఫలించినదా లేదా యనుటకు కొలబద్ద చప్పట్లు కాదు, పత్రికలలో పడిన ఛాయాచిత్రము కాదు. సభ ముగిసిన సాయంకాలము ఎన్ని పుస్తకములు గడప దాటి ఇండ్లకు పోయినవి? మధుమేహముపై ఉపన్యాసమైనచో ఆ విషయమున తెలుగులో నున్న పుస్తకములు ద్వారము ప్రక్కన బల్లపై పఱచియుండవలెను. వచ్చినవారిని అచటికచటనే సభ్యులుగ చేర్చుకొనవలెను. 1951లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయగు యునెస్కో తోడ్పాటుతో ఢిల్లీలో ప్రారంభింపబడిన ప్రజాగ్రంథాలయమున ఉపన్యాసములు, చర్చాగోష్ఠులు, నాటకము, సంగీతము పుస్తకముల యెరువుతో కలిపియే నడుపబడెను. సభ వేరు, పుస్తకము వేరు అను భేదము అచట పాటింపబడలేదు.

దీనికి కొందరు చెప్పు ఆక్షేపణ యొకటి కలదు. ‘వెల లేనిదానికి విలువ లేదు, ఇరువది రూపాయల రుసుము పెట్టుడు, నిజముగ ఆసక్తి గలవారే వత్తురు’ అని వారందురు. ఈ వాదము వినసొంపుగ నుండును. కాని ఆ యిరువది రూపాయలు ఆపునది ఎవరిని? ఆసక్తి లేని ధనికుని కాదు; తనకంటూ చేతిలో పైక ముండక, పెనిమిటినో కుమారునో అడిగి తీసికొనవలసిన యిల్లాలిని. ‘ఎందులకు?’ అని వారు ఒక్కమాట యన్నచో ఆమె మరల అడుగదు. ప్రజాగ్రంథాలయ సేవలు సూత్రప్రాయముగ రుసుము లేకుండ నుండవలెనని యునెస్కో ప్రకటన 1994లో స్పష్టముగ చెప్పుటకు ఇట్టి కారణములే ఆధారము. వెల లేకుండుట మొదటి మెట్టు. దానిని తీసివేసినచో తక్కిన మెట్లు ఎక్కువారుండరు. అది యొక్కటే మెట్టని తలచినచో మేడ చేరువారుండరు.

సిబ్బంది చాలరు, సొమ్ము చాలదు అని మరియొక యాక్షేపణ. అది యథార్థము. అందుచేతనే కోరిక చిన్నదిగ నుండవలెను. నెలకు ఒక్క సభ చాలును. శాలువ లక్కరలేదు, వేదిక యక్కరలేదు. నెలలో ఒక ఆదివారము ఉదయమున పిల్లలకు కథ చెప్పించి, ఆ కథ గల పుస్తకమును వారి చేతికిచ్చి పంపవలెను. మరియొక మధ్యాహ్నమున స్త్రీలకు వైద్యమో, చట్టమో, బ్యాంకు వ్యవహారమో తెలిసినవారిచేత చెప్పించి, ప్రశ్నలకు సగము కాలము విడువవలెను. పింఛనుదారులలో చక్కగ చదివి వినిపింపగల వారున్నారు. వారు వారమునకొక గంట పత్రికయో నవలయో పైకి చదివినచో అక్షరము రాని కూరలమ్మియు వచ్చి వినును. వీనిలో దేనికిని విశేషవ్యయము లేదు.

చివరగ ఈ పత్రిక చదువు గృహస్థుల నొక్క మాట యడుగుదును. మనము సంస్కారాభిమానులము; గ్రంథాలయము ఊరికి కన్ను వంటిదని ఒప్పుకొనువారము. గడచిన సంవత్సరమున మన యింటినుండి గ్రంథాలయమునకు పోయిన దెవరు? పెక్కు ఇండ్లలో ఉత్తరమొక్కటే: పరీక్షకు చదువు కుమారుడు. భార్యకు అచట పనియేమని తలచితిమి. తల్లికి కన్నులు కనబడవని తలచితిమి. కోడలు పోయినచో వంట యెవరు చేయుదురని తలచితిమి. గ్రంథాలయాధికారి సభను రెండు గంటలకు మార్చవచ్చును, గది కట్టింపవచ్చును, పుస్తకములు పఱచవచ్చును. ఇంటి వాకిలి తెఱచుట ఆయన చేతిలో లేదు. ఆదివారము పూట కాఫీ మనమే కాచుకొని, కథ వినుటకు పోవు పిల్లలవెంట వారి తల్లిని కూడ పంపుదము. ఆమె తనకొఱకై ఒక పుస్తకము నెన్నుకొని తెచ్చుకొనును.