ముట్టుకోవడం నేర్పిన రంగస్థలం

నాటకం మీద తెలుగులో పుస్తకం రావడమే అరుదైపోయింది. వచ్చేవాటిలోనూ నటుల జ్ఞాపకాలు, పరిషత్తుల చరిత్రలే ఎక్కువ. స్వలింగ ప్రేమికుల మీద, ఎయిడ్స్ రోగుల మీద జనం చూపును నాటకాలు ఎలా మార్చాయో చెప్పే పుస్తకం మన భాషలో నా కంటపడలేదు. ఆ పని ఈ పుస్తకం రాసిన చిన్నవాడు తలకెత్తుకున్నాడు. అమెరికా నాటకాల గొడవ మనకెందుకని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లు ముందుగా 'ది నార్మల్ హార్ట్' మీద రాసిన అధ్యాయం తెరవాలి.

లారీ క్రేమర్ రాసిన ఈ నాటకం 1985 ఏప్రిల్‌లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో మొదలైంది. ఎయిడ్స్ రోగులను ఆదుకోవడానికి 1982లో మిత్రులతో కలిసి ఒక సంస్థ పెట్టి, మరుసటి ఏడే అందులోంచి బయటికి రావాల్సి వచ్చిన మనిషి క్రేమర్. ఆ కడుపుమంటంతా నాటకంలో ఉంది. రంగాలంకరణ అంటే తెల్లసున్నం వేసిన గోడలు, వాటి మీద అంకెలు. టైలెనాల్ మాత్రల్లో విషం కలిసిందన్న కలకలం మీద న్యూయార్క్ టైమ్స్ మూడు నెలల్లో 54 వార్తలు వేసిందనీ, ఎయిడ్స్ మొదలైన 19 నెలల్లో దాని గురించి వేసినవి ఏడేననీ ఆ గోడ మీద రాసి ఉండేది. దేశంలోని మొత్తం కేసుల సంఖ్య పెరిగినకొద్దీ పాత అంకె కొట్టేసి, దాని కింద కొత్తది రాసేవారు. నాటకంలో ఒక మాటైనా వినకముందే ప్రేక్షకుడి ముందు ఆ లెక్క నిలబడేది.

నన్ను కదిలించింది మాత్రం పాల సన్నివేశం. జబ్బుతో కుంగిపోయిన ఫెలిక్స్ నేల మీద కూలబడి ఉంటాడు. అతన్ని ప్రేమించిన నెడ్ సరుకుల సంచీతో వస్తాడు. ఫెలిక్స్ తినడు, మాట వినడు, బతకాలన్న పట్టుదల లేదు. నెడ్‌కు సహనం చచ్చిపోయి, తెచ్చిన సరుకులు ఒక్కొక్కటీ నేలకేసి కొడతాడు. పాలు ఒలికిపోతాయి. ఆ పాలలోనే ఫెలిక్స్ పాకుతూ వస్తాడు, నెడ్ అతన్ని గుండెలకు హత్తుకుంటాడు. ఆస్పత్రుల్లో సైతం రోగి భోజనం పళ్లెం గుమ్మం బయటే పెట్టి వెళ్లిపోతున్న కాలం అది. ముట్టుకుంటే అంటుకోదని డాక్టర్లు చెబితే చెవిన పెట్టని జనం, నాలుగు బారల దూరంలో ఒక మనిషి ఇంకో మనిషిని కావలించుకోవడం కళ్లారా చూశారు. ఉపన్యాసానికి లేని బలం అక్కడుంది. నాటకం మనల్ని ఆ మనుషుల పక్కనే రెండు గంటలు కూర్చోబెడుతుంది, లేచిపోనివ్వదు.

అలాగని నాటకం వేసిన ప్రతిచోటా జనం మారిపోయారని ఈ గ్రంథకర్త చెప్పడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. టోనీ కుష్నర్ 'ఏంజెల్స్ ఇన్ అమెరికా' 1993లో పులిట్జర్ గెలిచింది. అదే నాటకాన్ని 1996లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో వేయబోతే రచ్చ రచ్చయింది. కోర్టు అనుమతితో తెర లేచింది. మరుసటి ఏడు కౌంటీ పాలకులు 5-4 ఓట్లతో కళల నిధులకే కోత పెట్టారు.

నాటకంతో జనం చూపు మార్చబోవడం మనకూ కొత్త కాదు. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడినప్పుడు ఎదురుగా కూర్చున్నది ఆ ఆచారం మధ్య బతుకుతున్న జనమే. మరాఠీలో విజయ్ తెండూల్కర్ 1981లోనే 'మిత్రాచీ గోష్ట' పేరుతో ఒక స్త్రీని ప్రేమించిన స్త్రీ కథను రంగస్థలానికెక్కించాడు. మహేశ్ దత్తాని 1998లో 'ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబయి' ఇచ్చాడు. తెలుగు రంగస్థలం వీళ్ల సరసన పెట్టదగ్గ నాటకం ఇంకా బాకీ ఉంది. ఎయిడ్స్ మన జిల్లాలను కుదిపేసిన రోజుల్లో కళాజాతాలు ఊరూరా తిరిగి జాగ్రత్తలు చెప్పాయి, మంచిపనే. అయితే ఇంట్లోనే వేరే కంచం, వేరే గ్లాసు పెట్టించుకున్న మనిషి లోపల ఏం రగిలిందో చెప్పడానికి నినాదాలు చాలవు, పాత్రలు కావాలి.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమను నేరాల జాబితాలోంచి తీసేసింది. హెచ్‌ఐవీ ఉన్నవారి పట్ల వివక్ష చూపకూడదన్న 2017 నాటి చట్టం అదే నెలలో అమల్లోకి వచ్చింది. చట్టం చేయగలిగింది చేసింది. ఇళ్లల్లో, వీధుల్లో, కాలేజీల్లో మిగిలిన పని చాలా ఉంది.

ఈ చిన్నవాడి కలానికి నా ఆశీస్సులు. పరిషత్తులు నడిపే పెద్దలకు, కాలేజీ నాటక బృందాలకు నాదొక్కటే మనవి: ఈ పుస్తకం చదివి అటకెక్కించకండి. వచ్చే పోటీలకైనా ఈ మనుషుల కథ ఒకటి తెలుగులో రాయించండి, ఆడించండి.