ఎవరి ఉత్తరాలు దాస్తరు?

హక్కుల ఉద్యమాల చరిత్ర రాసేటోళ్లు ముందుగాల సభలు లెక్కపెడ్తరు, తర్వాత తీర్మానాలు. ఉత్తరాల దాంక వచ్చేటోళ్లు తక్కువ. వచ్చినా నాయకుల ఉత్తరాల కాడనే ఆగుతరు.

1946ల అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఒక ఉత్తరం రాసిండు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతులు రెండు మూడు కావాలన్నడు. వాళ్ల స్థితీ అంటరానివాళ్ల స్థితీ ఎంత దగ్గరదో చెప్పిండు. జూలై 31న డుబాయిస్ జవాబు రాసి, ఆ కాయితం జతచేసిండు. రెండూ చిన్న ఉత్తరాలే. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంల భద్రంగున్నయి. వాటిల వంగిన మాట ఒక్కటి లేదు. ఒక చదువరి ఇంకో చదువరిని అడిగినట్టున్నది, అంతే.

మా పెద్దపల్లి దిక్కు అర్జీ భాష వేరు. మా భూమి గురించి కచేరి ముంగట చెట్టు కింద అర్జీలు రాసేటాయనకు బాపు చెప్పిన మాటలు నాకింకా యాదికున్నయి: "భూమి మాది. పట్టా మాది. దున్ననిస్తలేరు. గిదేం నాయం?" కాయితం మీద పడ్డది ఇది: "మహారాజశ్రీ దొరవారి దివ్యసముఖమునకు, నిరుపేద హరిజనులము, తమరు దయతలచి కనికరించగలరని..." బాపు ఏలిముద్ర దాని కిందనే ఉన్నది. రేపు పరిశోధకుడెవరో ఆ ఫైలు తెరిస్తే ఏమనుకుంటడు? వీళ్లు అడుక్కున్నరు అనుకుంటడు. అడుక్కున్నది బాపు కాదు, ఆ అర్జీ నమూనా. ఇటువంటి ఫైళ్లనే సాక్ష్యమని నమ్మి మా చరిత్ర రాసేటోళ్లతోని నా తగాదా ఇదే.

దాసుకునే తెలివి వేరే జాగలల్ల ఎట్లుందో చూడుండ్రి. ఉత్తర ఐర్లాండుల కాథలిక్కులకు ఓటు కాడ, ఇండ్ల కాడ, కొలువు కాడ జరిగే వివక్ష మీద 1967ల పౌరహక్కుల సంఘం పుట్టింది. అమెరికా నల్లవాళ్లను చూసే వాళ్లు ఊరేగింపులు నేర్చిన్రు. 1968ల బెల్‌ఫాస్ట్ లినెన్ హాల్ లైబ్రరీ లైబ్రేరియన్‌కు ఎవరో ఒక కరపత్రం ఇచ్చిన్రు. ఆయన పారెయ్యలే. ఆ ఒక్క కాయితంతోని మొదలైన సేకరణల ఇయ్యాల 3,00,000 పైన ఉన్నయి. అన్ని పక్షాలవీ ఉన్నయి.

మనకాడ? 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబరుల సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలైనయి. సోదాలల్ల మొదలు పోయేది కాయితమే. మిగిలినయి భయంతోని పొయ్యిల పడ్డయి. హక్కుల సంఘంల పనిచేసిన మనుషులనే బతకనియ్యలే. జగిత్యాల వకీలు గోపి రాజన్నను 1985ల, కరీంనగర్‌ల జాపా లక్ష్మారెడ్డిని 1986ల చంపిన్రు. ఇగ ఉత్తరాలు ఎవలు దాస్తరు?

ఆదిలాబాద్ కథ ఇంకోతీరు. కుమురం భీము 1940ల నేలకొరిగినంక నిజాం సర్కారు పంపితే వచ్చిన హైమెండార్ఫ్ డైరీలు, ఫోటోలు, ఫిల్ములు లండన్‌ల ఉన్నయి. ఆయన గోండులకు పట్టాలిప్పించిండు, మార్లవాయిల బడి పెట్టించిండు, కాదనను. అయినా అది ఆయన చూసిన గోండు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల కాల్పులు జరిగితే సర్కారు 13 మంది అన్నది, హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లన్నయి. సచ్చినోళ్ల ఇండ్లల్ల ఏమన్నరో ఏ అరలనుంచి తీసి సదువుతం?

నన్నడిగితే మా అసలు హక్కుల సాహిత్యం ఇన్లాండు లెటర్లల్ల ఉన్నది. బొంబాయి, భీవండి నుంచి వచ్చినయి. జీతమెంత, బాకీ తీరిందా, బిడ్డ బడికి పోతున్నదా, అంబేద్కర్ జయంతికి ఎంత చందా పంపాలె. ఏ లెటర్ల కూడ మహారాజశ్రీ లేదు. విమర్శకులు వీటిని సాహిత్యమనరు, సంఘాలోళ్లు సొంత ముచ్చట్లంటరు.

తెలంగాణ కూలోళ్ల పేరు పడ్డ కామాటిపుర నుంచి మా చిన్నాయిన రాసిన లెటరొకటి అవ్వ సందుగుల ఉంటుండె. ఇరానీ హోటల్ల కులమడగకుండ అందరికిచ్చే గిలాసలనే నీళ్లిచ్చిన్రట, తాగినంక కడుగుమనలేదట. గంతే రాసిండు, ఇంక మూడు లైన్లు ఖాళీ ఉన్నా. ఆ లెటరు అవ్వ నాతోని మూడుసార్లు సదివించుకున్నది.