సూపర్‌హీరో చిత్రకథలు — దయావీరము

అమెరికాదేశమున ‘సూపర్‌హీరో’ యని ప్రసిద్ధి కెక్కిన అతిమానుషవీరుని కథ 1938వ సంవత్సరము జూను మాసపు ‘యాక్షన్ కామిక్స్’ ప్రథమ సంచికతో నారంభమైనదని సామాన్యముగాఁ జెప్పుదురు. అందు జెర్రీ సీగెల్ కథను గూర్పఁగా జో షుస్టర్ చిత్రించిన ‘సూపర్‌మ్యాన్’ అను పాత్రము వెలసినది. నాఁటినుండి నేఁటివఱకు ఇట్టి వీరుల కథలు లెక్కకు మిక్కిలిగాఁ బుట్టినవి. వానిలో నధికభాగము కాలక్షేపమునకు మాత్రమే యుపకరించునవి. అంతమాత్రమున నీ వాఙ్మయము నంతయు బాలక్రీడయని త్రోసివేయుట న్యాయము గాదు. గుణదోషవివేచనము లేక పొగడుటయు న్యాయము గాదు. విద్యార్థులు వీనిని గురువుల యనుమతి కొఱకు వేచియుండక చదువుచునే యున్నారు. కావున ఏవి చదువఁదగినవో, ఏల చదువఁదగినవో నిర్ణయించి చెప్పుట విమర్శకుని విధి.

మొదట నీ కళయొక్క స్వరూపమును గ్రహింపవలెను. ఇందుఁ బుట గడులుగా విభక్తమై యుండును. ఒక గడికిని వేఱొక గడికిని నడుమ నున్న ఖాళీలో జరిగినదానిని పాఠకుఁడే యూహించి పూరించుకొనవలెను. స్కాట్ మెక్లౌడ్ 1993లోఁ జిత్రకథారూపముననే ప్రకటించిన ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ అను లక్షణగ్రంథమున నీ పూరణమునకుఁ బ్రధానస్థాన మొసఁగెను. చెప్పక స్ఫురింపఁజేయుట ధ్వనివాదముఁ జదివినవారికిఁ గ్రొత్త గాదు. చేర్యాల నకాషీ పటమును విప్పుచుఁ గథ చెప్పువాని యెదుటఁ గూర్చుండినవారికిని నిట్టి రీతి యపరిచితము గాదు. భేదమొక్కటియే: పటమునకుఁ గథకుఁడు తోడుండును, చిత్రకథకుఁ బాఠకుఁడే కథకుఁడు.

ఇఁక రసవిషయము. వీరరసమునకు స్థాయిభావ ముత్సాహము. భరతుఁడు దానవీర ధర్మవీర యుద్ధవీరములను బేర్కొనెను. ధనంజయుఁడు దశరూపకమున దయావీరమును జెప్పెను. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున నీ నాల్గింటిని నంగీకరించెను. గరుడునకు శంఖచూడుని బదులు తన దేహము నర్పించిన నాగానందనాయకుఁడు జీమూతవాహనుఁడు దయావీరమునకుఁ బ్రసిద్ధోదాహరణము. సూపర్‌హీరో కథలలోఁ బెక్కింటికిఁ గల లోప మిచ్చటనే తెలియును. వానిలో యుద్ధవీరమే యుండును; అదియు నసంపూర్ణముగా నుండును. నాయకుని బలమున కవధి లేనప్పుడు జయము ముందే నిశ్చితము. జయము నిశ్చితమైనచోట నుత్సాహమునకుఁ దావు లేదు. ఈ లోపమును గప్పుటకై రచయితలు సంచిక సంచికకుఁ బ్రతినాయకుని బలమును బెంచుచుఁ బోవుదురు. మఱియొక లోపము నిర్వహణసంధి లేకపోవుట. ప్రకాశకులు లాభము కొఱకుఁ గథను ముగియనీయరు. 1992లో సూపర్‌మ్యాన్ మరణించినట్లు చిత్రించి, 1993లోనే యతనిని మరల బ్రతికించిరి. మరణమే స్థిరము గాని కథలోఁ ద్యాగమునకు విలువ యెట్లు కలుగును?

కాఁబట్టి పరిమితిగల బలము, దయచే నియమింపఁబడిన బలము ఎందుఁ గలదో యట్టి కథలే చదువఁదగినవి. ఈ లక్షణము గల నాలుగు శ్రేణులు విశేషముగా నుపాదేయములు.

మొదటిది స్టాన్ లీ, స్టీవ్ డిట్కోల ‘స్పైడర్‌మ్యాన్’. ఈ పాత్రము 1962 ఆగస్టు నాఁటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలోఁ బుట్టినది. 1963లోఁ బ్రత్యేకపత్రిక యారంభమయ్యెను; అందు 1966లో వెలువడిన 38వ సంచికవఱకు డిట్కో చిత్రించెను. నాయకుఁడు పీటర్ పార్కర్ పాఠశాలాబాలుఁడు. తాను పట్టఁగలిగియు విడిచిపెట్టిన దొంగయే తన పినతండ్రిని జంపుటతో నతనికి బలముయొక్క బాధ్యత తెలియవచ్చును. 31వ సంచికనుండి 33వ సంచికవఱకుఁ గల కథ యీ శ్రేణికిఁ గిరీటము. పెంచిన పినతల్లి మరణావస్థలో నున్నది. దానికిఁ గారణము పూర్వ మామెకుఁ దానిచ్చిన రక్తములోని దోషమే. ఔషధము కొన్ని యడుగుల దూరమున నున్నది; నాయకుఁడు మాత్రము మహాయంత్రభారము క్రింద నలిఁగి యున్నాఁడు; పైనుండి నీరు కాఱుచున్నది. డిట్కో గడులను గ్రమముగాఁ బెంచుచుఁ బోయి, భారము లేచిన క్షణమునకుఁ బుట నంతయు నర్పించెను. ఇచ్చట శత్రువు లేఁడు, యుద్ధము లేదు, ఒక ముదుసలిపైఁ గల దయయే యుత్సాహమునకు మూలము. లీ యొక్క సంభాషణములు చిత్రమునఁ గనఁబడుచున్నదానినే తఱచుగా మరలఁ జెప్పుట దోషమే. అయినను చిత్రము దానిని జయించినది.

రెండవది అలన్ మూర్ రచించి డేవ్ గిబ్బన్స్ చిత్రించిన ‘వాచ్‌మెన్’. 1986, 1987 సంవత్సరములలో 12 సంచికలుగా వెలువడి సంపూర్ణమైన యీ కృతి 1988లో హ్యూగో పురస్కారము నందెను. పుటకుఁ దొమ్మిది గడులను సామాన్యనియమముగాఁ గొని, యవసరమైనప్పుడు మాత్రమే దాని నతిక్రమించుట వృత్తనియమముగల పద్యరచనను దలపించును. ఐదవ యధ్యాయమున మొదటి పుటలకుఁ గడపటి పుటలు ప్రతిబింబములుగాఁ గూర్పఁబడినవి. ఇందలి వేషధారులలో నిజముగా నతిమానుషబలము గలవాఁ డొక్కఁడే; అతఁడు క్రమక్రమముగా మానవులయెడ ననురాగమును గోల్పోవును. బుద్ధిచేత నందఱిని మించిన మఱియొకఁడు అణుయుద్ధమును నివారించుటకై న్యూయార్కు నగరమున లక్షలకొలఁది జనులను జంపును. దయ నశించిన వీర మెంతటి ఘోరమునకు దారితీయునో యీ కృతి చూపును. వీరరసమునకుఁ బ్రతిపక్షముగా నిలిచి యా రసమునే పరీక్షించుట దీని మహత్త్వము. హింసాదృశ్యములును స్త్రీపై బలాత్కారయత్నమును గలవు గావున నిది ప్రౌఢులకే తగినది, బాలుర కీయరాదు. దీని ననుకరించిన వారిలోఁ బెక్కుమంది దీని క్రౌర్యమును గ్రహించిరే కాని విచారమును గ్రహింపలేదు.

మూఁడవది గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీల ‘ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్’. 2005 మొదలు 2008వఱకు 12 సంచికలుగా వెలువడినది. నాయకుని జన్మకథ నంతయు నాలుగు చిత్రములలో, ఎనిమిది మాటలలో ముగించి ప్రధానకథకు వచ్చుట సంక్షేపగుణమునకు మేలైన యుదాహరణము. సూర్యునికడ కేగిన కొందఱిని రక్షించుటలో నాయకుఁడు మితిమీఱిన సూర్యశక్తిని గ్రహించి మరణాసన్నుఁడగును. అతని బలము మునుపటికంటెఁ బెరిఁగినది. ఆయువు మాత్రము తఱిఁగినది. ఇట్లు రచయిత యంతులేని బలమునకుఁ గాలమనెడి యవధిని గల్పించెను. పదవ సంచికలో నెత్తైన మేడ యంచున నిలిచి ప్రాణము విడువఁబోవుచున్న యొక బాలికకడకు నాయకుఁడు వచ్చును. తన దినములు లెక్కకు వచ్చియుండఁగా నతఁడు వెనుకనిలిచి రెండు మాటలాడి యామెను గౌఁగిలించుకొనును, అంతియే. ఒక్క పుటలో ముగిసిన యీ ఘట్టము నూఱు యుద్ధములకంటె గొప్పది. పూర్వకథాపరిచయము లేనివారికిఁ గొన్ని ప్రస్తావనలు దుర్బోధములగుట దీని లోపము.

నాలుగవది జి. విల్లో విల్సన్ రచించిన ‘మిస్ మార్వెల్’. 2014లోఁ బ్రారంభమైన దీనికి మొదట ఏడ్రియన్ అల్ఫోనా చిత్రకారుఁడు. నాయిక కమలా ఖాన్ జెర్సీ సిటీలోఁ బాకిస్తాన్ దేశమునుండి వచ్చిన కుటుంబమునఁ బుట్టిన పదునాఱేండ్ల ముస్లిం బాలిక. రూపమును మార్చుకొను శక్తి కలిగినంతనే యామె తానభిమానించు బంగారువన్నె కురుల వీరనారి రూపమును దాల్చును. ఆ రూపమున సుఖము లేదని తెలిసికొని తుదకుఁ దన రూపముననే నిలుచును. నీట మునుఁగుచున్న సహాధ్యాయినిఁ గాపాడునప్పుడు, ఒక్క ప్రాణమును రక్షించుట సమస్తమానవులను రక్షించుటయే యను ఖురాను బోధ యామెకు స్ఫురించును. అది తండ్రినోటఁ దఱచుగా విన్నది. ఆ సహాధ్యాయిని యామెను జులకన చేసినదే. దయావీర మిచ్చట గృహసంస్కారమునుండి పుట్టినట్లు నిరూపితమైనది. ప్రతినాయకుఁడు బలహీనపాత్రమైనను, తలిదండ్రులు, అన్న, చెలికాండ్రు మొదలగు వారి పాత్రపోషణము ప్రశంసనీయము. ఈ శ్రేణి ప్రథమసంపుటము 2015లో హ్యూగో పురస్కారము నందెను.

వీని పఠనక్రమమును వయస్సు ననుసరించి నిర్ణయింపవలెను. బాలురకు ‘మిస్ మార్వెల్’ను, పిదప ‘స్పైడర్‌మ్యాన్’ను జదువనీయవచ్చును. ఆ రెండింటి పిమ్మట ‘ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్’ సుబోధమగును. ‘వాచ్‌మెన్’ను గడపటఁ జదువవలెను, వీరుని మొదట నమ్మినవానికిఁ గాని యా నమ్మకమును బ్రశ్నించు కృతి స్వారస్యము తెలియదు.

1954లో ఫ్రెడరిక్ వెర్థమ్ అను వైద్యుఁడు చిత్రకథలు బాలురను జెఱచుచున్నవని గ్రంథము ప్రకటించెను. ఆ యేఁటనే ప్రకాశకులు స్వీయనియమావళి నేర్పఱచుకొనిరి. అతఁడు తన సాక్ష్యములను గొన్నిచోట్ల మార్చి చూపెనని కరోల్ టిల్లీ 2012లో నతని పత్రములనుండి నిరూపించెను. నిషేధము విమర్శకుఁ బ్రతినిధి కాఁజాలదు. బలవంతుఁడు జయించుటను జూచి బాలుఁడు చప్పట్లు కొట్టుట సహజము. ఆ బల మెవరికొఱకు వినియోగింపఁబడెనని యడుగ నేర్పుట గురువు పని. పైనాలుగు శ్రేణులు నా ప్రశ్నకుఁ దగిన యవకాశ మొసఁగుచున్నవి.